పంతులుగారి జట్టు

బడిపంతుళ్ల ముచ్చట్ల నడుమ హైదరాబాద్ పోలీసు ఫుట్‌బాల్ జట్టు ముచ్చట ఎందుకూ అనిపించవచ్చు. ఆ జట్టును తీర్చిదిద్దినాయన బడిపంతులు గనక!

సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో బి.ఎ. చదివి, కాచిగూడ మిడిల్ స్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు వంటి చోట్ల పాఠాలు చెప్పారు. ఫుట్‌బాల్ లోకానికి ఆయన 'రహీం సాబ్'. 1940లలో నగర ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శిత్వంతో పాటు సిటీ పోలీసు జట్టు శిక్షణా ఆయన భుజాన పడింది.

శిక్షణలోనూ ఆయనది పంతులు పద్ధతే. డ్రిబ్లింగ్ నిషేధించి పోటీలు పెట్టేవారు. బంతిని ఒక్కడే లాక్కుపోవడం కుదరదు, పక్కవాడికి అందించాల్సిందే. ఇంకో పోటీలో వాటం లేని కాలితోనే తన్నాలి. రాని లెక్కనే పదిసార్లు చేయించినట్టన్నమాట.

ఫలితం త్వరలోనే కనిపించింది. 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పు గెలిచారు. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు సిటీ పోలీసుదే.

జాతీయ జట్టూ ఆయన చేతికే వచ్చింది. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల ఫైనల్లో ఇరాన్‌పై 1-0తో స్వర్ణం. మరుసటేడు హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఘోర పరాజయం. మనవాళ్లలో చాలామంది వట్టికాళ్లతో ఆడిన రోజులవి. నాలుగేళ్లు తిరిగేసరికి మన జట్టే మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది.

1962 జకార్తా ఆసియా క్రీడల్లో మొదటి మ్యాచే దక్షిణ కొరియా చేతిలో ఓటమి. పోటీల నడుమ డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమైంది. రహీం సాబ్ అతణ్ణి ఇంటికి పంపలేదు, ఫార్వర్డ్‌గా ఆడించారు. వెనక బెంచీవాణ్ణి ముందుకు పిలవడం పంతుళ్లకు కొత్తా? సెప్టెంబర్ 4న ఫైనల్లో మళ్లీ అదే కొరియా. పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు. 2-1తో స్వర్ణం మనదైంది. ఆ జట్టులో సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం కూడా ఉన్నాడు.

అప్పటికే రహీం సాబ్‌ను కేన్సర్ తినేస్తోంది. 1963 జూన్ 11న కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ స్వర్ణం రాలేదు.

మన డ్రిల్లు మాస్టార్లకు ఒక్క మనవి: ఓ సాయంత్రం పిల్లల్ని వాటం లేని కాలితోనే ఆడించి చూడండి. దానికి పైసా ఖర్చు లేదు.