ఇంగ్లండులో ఇంటి దస్తావేజు ఎవరు రాయాలి?

ఇల్లు కొన్నా, అమ్మినా, తనఖా పెట్టినా దాని మీది హక్కును చట్టప్రకారం ఒకరి నుంచి మరొకరికి దాటించే పనిని ఇంగ్లండులో కన్వేయన్సింగ్ అంటారు. ఈ పనికి సొలిసిటర్ అనే వకీలును పెట్టుకోవడం అక్కడ ఎంత మామూలైపోయిందంటే, అది అనాదిగా వస్తున్న ఆచారమేమో అనిపిస్తుంది. కానీ ఈ పని మీద వకీళ్లకు గుత్తహక్కు దక్కింది 1804లో, పోయింది 1980లలో. ఎవరు ఎంతకు చేస్తారో కనుక్కుని, నచ్చినవారిని ఎంచుకునే వీలు ఇల్లు కొనేవారికి దొరికింది కూడా దాదాపు అప్పుడే.

మధ్యయుగంలో భూమి చేతులు మారడానికి కాగితమే అక్కర్లేదు. ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు ఆ నేల మీదే నిలబడేవారు. సాక్షుల ఎదుట ఒక మట్టిగడ్డో చెట్టురెమ్మో చేతిలో పెడితే బదిలీ అయిపోయినట్టే. పత్రం రాసుకున్నా అది జరిగినదానికి రుజువు మాత్రమే. భూమి అమ్మకాలను రాతపూర్వకంగా నమోదు చేయించాలని 1536లో ఒక చట్టం వచ్చింది గానీ, తమ లావాదేవీలు పదిమందికీ తెలియడం భూస్వాములకు ఇష్టం లేదు. వారి వకీళ్లు ఒక ఉపాయం కనిపెట్టారు. మొదటిరోజు కొనేవాడికి భూమిని కౌలుకిచ్చినట్టు ఒక పత్రం, మర్నాడు మిగిలిన హక్కునంతా వదులుకున్నట్టు ఇంకొక పత్రం. కౌలుకు నమోదు అక్కర్లేదు, హక్కు వదులుకోవడానికీ అక్కర్లేదు. ‘లీజ్ అండ్ రిలీజ్’ అనే ఈ పద్ధతి రెండు శతాబ్దాలకు పైగా నడిచింది. ఒక అమ్మకానికి రెండు పత్రాలంటే రాతకూలీ కూడా రెండింతలే కాబట్టి, దాన్ని మార్చాలన్న తొందర రాసేవారికి లేకపోయింది. ఒక్క పత్రం చాలని పార్లమెంటు చెప్పేసరికి 1841 వచ్చింది.

పత్రాలు రాసే పని మొదట్లో ఒక్క వకీళ్లదే కాదు. లండన్‌లో స్క్రివెనర్లు అనే లేఖరులుండేవారు. పత్రం రాయడంతో పాటు అప్పు కావలసినవారిని, ఇవ్వగలిగినవారిని కలపడం కూడా వారి వ్యాపారమే. మహాకవి జాన్ మిల్టన్ తండ్రి అలాంటి స్క్రివెనరే; కొడుకు ఏళ్ల తరబడి తీరిగ్గా చదువుకోగలిగింది ఆ సంపాదనతోనే. వారి సంఘానికి 1617లో రాజు నుంచి అధికారపత్రం (చార్టర్) లభించింది. పద్దెనిమిదో శతాబ్దంలో అటార్నీలు, అంటే తర్వాతి కాలపు సొలిసిటర్లు, వారితో పోటీకి దిగారు. లండన్ నగరంలో ఈ పని తమదేనని స్క్రివెనర్ల సంఘం కోర్టుకెక్కింది. ఏళ్ల తరబడి సాగిన ఆ తగాదా 1760లో అటార్నీల గెలుపుతో ముగిసింది.

గెలిచినవారు అక్కడితో ఆగలేదు. నెపోలియన్‌తో యుద్ధానికి డబ్బు కోసం వెతుకుతున్న ప్రధాని పిట్ 1804 స్టాంపు చట్టంలో వకీళ్ల మీద పన్ను పెంచాడు. దానికి బదులా అన్నట్టు, అర్హత లేనివారు డబ్బు పుచ్చుకుని ఆస్తి పత్రం రాస్తే 50 పౌండ్ల జరిమానా అని అదే చట్టంలో చేర్చాడు. బారిస్టర్లకూ మరికొందరికీ మినహాయింపు ఉన్నా, ఆచరణలో పని అంతా అటార్నీల చేతికే వచ్చింది. తెలుగు రాష్ట్రాల్లో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ ఈనాటికీ కనిపించే దస్తావేజు లేఖరి వంటివాడికి ఇంగ్లండులో చోటు లేకుండా పోయింది ఇలాగే.

అప్పట్లో ఫీజును పత్రం పొడవును బట్టి లెక్కగట్టేవారు. 72 మాటలు ఒక ఫోలియో, ఫోలియోకు ఇంత అని రేటు. ఒకే సంగతిని మూడు నాలుగు మాటల్లో తిప్పి చెప్పే ఆంగ్ల దస్తావేజు శైలికి చట్టపరమైన జాగ్రత్త ఎంత కారణమో ఈ రేటు కూడా అంతే కారణం. 1881 చట్టం ఈ పద్ధతిని మార్చి, ఆస్తి విలువను బట్టి ఫీజు ఉండేలా పట్టిక తెచ్చింది. పత్రాలు చిన్నవయ్యాయి గానీ ధర మాత్రం అందరి దగ్గరా ఒకటే అయింది. తక్కువకు చేసిపెడతాననడం, ప్రకటనలు ఇచ్చుకోవడం వృత్తి నియమాలకు విరుద్ధం. దాంతో సొలిసిటర్‌ను ఎంచుకోవడమంటే కుటుంబానికి తెలిసినవారి దగ్గరికో, ఊళ్లో పేరున్నవారి దగ్గరికో వెళ్లడమే.

ఈ గుత్తహక్కుకు అసలు సవాలు భూమి హక్కులను నమోదు చేసే రిజిస్ట్రీ నుంచి రావలసింది. హక్కును ప్రభుత్వ రిజిస్టరే ఖాయపరిస్తే పాత పత్రాలు తవ్వే పని తప్పుతుంది. రిజిస్ట్రీ లేనిచోట అమ్మకం జరిగిన ప్రతిసారీ లింకు దస్తావేజులన్నీ మళ్లీ మొదటి నుంచి చదవాల్సిందే. పూర్వం 60 ఏళ్ల వెనక్కి చూసేవారు. అది 1874లో 40కి, 1925లో 30కి, 1969లో 15కి తగ్గింది. 1858లోనే దక్షిణ ఆస్ట్రేలియాలో రాబర్ట్ టోరెన్స్ రిజిస్టరు పద్ధతి తెచ్చాడు. అక్కడ వకీలు కాని ల్యాండ్ బ్రోకర్లు కూడా బదిలీ పత్రాలు రాయగలిగారు. ఇంగ్లండులో 1862లో పెట్టిన రిజిస్ట్రీ ఇష్టమైనవారికే కావడంతో దాని గడప తొక్కినవారు తక్కువ. నమోదును నిర్బంధం చేసే 1897 చట్టాన్ని సొలిసిటర్లు గట్టిగా ఎదిరించారు. అది లండన్‌తో మొదలై, ప్రాంతం తర్వాత ప్రాంతంగా పాకి, ఇంగ్లండు, వేల్స్ అంతటికీ చేరింది 1990 డిసెంబరులో. అంత ఆలస్యానికి ఒక్క సొలిసిటర్ల పట్టుదలనే నిందించలేం కానీ, దాని పాత్ర మాత్రం చిన్నది కాదు.

ఇరవయ్యో శతాబ్దంలో బిల్డింగ్ సొసైటీల అప్పులతో మామూలు ఉద్యోగులు, కార్మికులు ఇళ్లు కొనడం మొదలుపెట్టారు. ఎస్టేటుల యజమానులు అడగని ప్రశ్న వీరు అడిగారు: ఈ నాలుగు కాగితాలకు ఇంత డబ్బా? ఫీజుల పట్టిక 1973లో రద్దయింది. 1976లో మైకేల్ జోసెఫ్ అనే సొలిసిటర్ తన వృత్తినే తప్పుపడుతూ ‘ది కన్వేయన్సింగ్ ఫ్రాడ్’ అనే పుస్తకం రాశాడు. 1983లో లేబర్ ఎంపీ ఆస్టిన్ మిచెల్ గుత్తహక్కును తొలగించే బిల్లు పెట్టాడు. థాచర్ ప్రభుత్వం ఆ పని తానే చేస్తానని మాట ఇచ్చి 1985లో చట్టం చేసింది. దాని కింద, సొలిసిటర్లు కాకపోయినా ఈ పని చేయగల లైసెన్స్‌డ్ కన్వేయన్సర్లు అనే కొత్త వృత్తి 1987లో పని మొదలుపెట్టింది. 1984లోనే సొలిసిటర్లకు ప్రకటనలు ఇచ్చుకునే అనుమతి వచ్చింది. కొత్తవారు రంగంలోకి దిగకముందే, దిగబోతున్నారన్న బెదురుతోనే ఫీజులు తగ్గాయి.

ఆ తర్వాత ఎంపిక మరో వైపు నుంచి ఇరుకైంది. కొనేవారి సొలిసిటరే సాధారణంగా అప్పిచ్చే సంస్థకూ పనిచేస్తాడు కాబట్టి, సంస్థలు తమకు నమ్మకమైనవారి జాబితాలు పెట్టుకున్నాయి. జాబితాలో లేనివారిని పెట్టుకుంటే సంస్థ తరఫున ఇంకొకరు రావాలి, ఆ ఖర్చూ కొనేవారిదే. 2004లో సొలిసిటర్లు పని పంపినవారికి ప్రతిఫలం ఇవ్వడంపై ఉన్న నిషేధం తొలగడంతో, ఎస్టేట్ ఏజెంటు సూచించే పేరు వెనక కమీషన్ ఉండొచ్చన్న సందేహం కూడా మొదలైంది. 2018 డిసెంబరు నుంచి సొలిసిటర్ సంస్థలు ఇంటి కన్వేయన్సింగ్ ధరలను బహిరంగంగా ప్రకటించాలి. అయితే ఉన్న తనఖాను అప్పిచ్చే మరో సంస్థకు మార్చుకునేటప్పుడు చాలాసార్లు కొత్త సంస్థే లీగల్ ఖర్చు భరిస్తానంటుంది. అప్పుడు పనిచేసేవారిని ఎంచుకునేదీ అదే.