ఆపి చూడటం నుంచి సాగనిచ్చి చూడటం వరకు: డీబగ్గర్ల చరిత్రలో రెండు కెర్నల్ ఫైళ్ల సాక్ష్యం

1. ఉపోద్ఘాతం:

ఆశ్వాసాంత గద్యలో కవి పేరును, తాళపత్ర ప్రతి చివర లేఖకుడి పేరును వెతకడం తెలుగు పరిశోధకులకు అలవాటైన పని. కంప్యూటర్ ప్రోగ్రాములకు కూడా అటువంటి గద్యలు ఉన్నాయి. లినక్స్ కెర్నల్‌లోని అనేక ఫైళ్ల మొదట కర్తల పేర్లు, కాలం, మార్పుల వివరాలు వ్యాఖ్యరూపంలో కనిపిస్తాయి. అటువంటి రెండు వ్యాఖ్యల ఆధారంగా, నడుస్తున్న ప్రోగ్రామును పరిశీలించే పద్ధతిలో వచ్చిన మార్పును వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. పీట్రేస్ - ఆపి చూసే పద్ధతి:

నడుస్తున్న ప్రోగ్రామును ప్రాసెస్ అంటారు. ఒక ప్రాసెస్ మెమరీని మరొకటి తాకకుండా కెర్నల్ కాపలా కాస్తుంది. దోషాలను వెతికే డీబగ్గర్ కూడా ఒక ప్రాసెసే. కనుక దానికి స్వతస్సిద్ధమైన అధికారం ఏదీ లేదు. ఏది కావాలన్నా కెర్నల్‌నే అడగాలి. అలా అడగడానికి 1975 నాటి యూనిక్స్ ఆరవ కూర్పు కల్పించిన మార్గం 'పీట్రేస్' అనే సిస్టమ్ కాల్. రిచర్డ్ స్టాల్‌మన్ 1986లో రూపొందించిన జీడీబీ, లినక్స్‌పై నేటికీ దీనినే ఉపయోగిస్తున్నది.

ఇంటెల్ తరహా ప్రాసెసర్లపై డీబగ్గర్ తాను ఆపదలచిన చోట ఉన్న ఒక బైటును దాచుకొని, దాని స్థానంలో విరామ సూచకమైన మరొక బైటును వ్రాస్తుంది. ప్రోగ్రాం అక్కడికి రాగానే కెర్నల్ దానిని నిలిపి డీబగ్గర్‌కు తెలియజేస్తుంది. చూడవలసినవి చూశాక డీబగ్గర్ అసలు బైటును తిరిగి నిలిపి, ఒక్క అడుగు నడిపించి, విరామాన్ని మళ్లీ అమర్చి ప్రోగ్రామును వదులుతుంది.

ఈ పద్ధతికి పరిమితులున్నాయి. ఆగిన ప్రతిసారీ రెండు ప్రాసెస్‌ల మధ్య రాకపోకలు తప్పవు. ఒక ప్రాసెస్‌ను ఒకేసారి ఇద్దరు పరిశీలకులు పట్టుకోలేరు. వేలమందికి సేవలందించే ప్రోగ్రామును ఆపితే సేవలే ఆగిపోతాయి. ఇక కెర్నల్‌లోని దోషాన్ని ఈ మార్గంలో వెతకడం అసాధ్యం. ఆపవలసినదీ, ఆగవలసినదీ కెర్నలే కదా.

3. రెండు ఫైళ్లు:

ఈ చివరి సమస్యకు సమాధానం 'కేప్రోబ్స్'. దీని తొలి రూపాన్ని 2002 అక్టోబరులో ఐబీఎం భారత విభాగానికి చెందిన వంశీకృష్ణ ఎస్. సృష్టించినట్లు, అందులో రస్టీ రసెల్ సూచనలు కూడా చేరినట్లు ఆ ఫైలు వ్యాఖ్య చెబుతుంది. 2004లో వెలువడిన 2.6.9 కూర్పుతో ఇది ప్రధాన కెర్నల్‌లో చేరింది.

సాధారణ ప్రోగ్రాములకు అదే సూత్రాన్ని వర్తింపజేసినది 'యూప్రోబ్స్'. ఆ ఫైలు శ్రీకర్ ద్రోణంరాజు, జిమ్ కెనిస్టన్‌లను కర్తలుగా పేర్కొంటుంది. కాపీహక్కు కాలం 2008-2012. ఇది 2012 జూలై నాటి 3.5 కూర్పులో వెలువడింది. ఇక్కడ విరామం ఒక ప్రాసెస్‌కు కాక, ఫైలులోని ఒక స్థానానికి కట్టుబడి ఉంటుంది. పరిశీలన కెర్నల్‌లోనే ముగిసి, ప్రోగ్రాం క్షణకాలంలో తన దారిన సాగిపోతుంది. మార్పు మెమరీలోని ప్రతికే పరిమితం. డిస్క్‌పై ఉన్న మూలపాఠం చెక్కుచెదరదు. పాఠపరిష్కర్తలు కోరుకునే నియమం కూడా ఇదే.

4. ముగింపు:

వంశీకృష్ణ, ద్రోణంరాజు - ఈ పేర్లు తెలుగువారికి చిరపరిచితాలు. అయితే పేరును బట్టి ప్రాంతాన్ని నిర్ణయించడం సాహిత్య చరిత్రలో ఎన్ని వివాదాలకు దారితీసిందో మనకు తెలుసు. ఆ వాదం ఇక్కడ అనవసరం. గమనించవలసినది వేరే ఉంది. నేడు ప్రపంచవ్యాప్తంగా సర్వర్లలో ఉన్న ఒక సౌకర్యానికి సంబంధించిన కర్తృత్వ సాక్ష్యం రెండు మూడు పంక్తుల వ్యాఖ్యలో మిగిలి ఉంది. అనకాపల్లిలోని డిగ్రీ విద్యార్థి సైతం ఆ పంక్తులను రుసుము లేకుండా తెరిచి చదవవచ్చు. అయినా మన సాంకేతిక చరిత్ర రచన ఉద్యోగాల లెక్కల దగ్గర, సంస్థల అధిపతుల జీవితచరిత్రల దగ్గర ఆగిపోతున్నది. గద్యలను చదివి కవుల కాలాన్ని నిర్ణయించిన పరిశోధన సంప్రదాయం ఈ పాఠాలను కూడా ఆకరాలుగా స్వీకరించవలసి ఉంది.