ఎకరా ఇరవై సెంట్ల చరిత్ర

బళ్లో సాంఘికశాస్త్రం చెప్పేటప్పుడు పిల్లలకి రాజుల తారీకులు చెప్తాను. అది నా ఉద్యోగం. మా ఇంటి తారీకులు ఏ పాఠంలోనూ లేవు. అవి నెల్లూరు సముద్రపొడ్డున ఎకరా ఇరవై సెంట్ల ఇసుకనేలలో ఉన్నాయి. ఈరోజుకీ నేను కాపురముండేది ఆ నేలమీదే.

పొలానికి పడమట బకింగ్‌హాం కాలవ. 1876-78 ధాత కరువులో గంజి కోసం జనం దీన్ని తవ్వారు. బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకి తీసుకుని మాదిగలకి కూలి చూపించాడు. ఒంగోలు అప్పుడు నెల్లూరు జిల్లాలోదే. 1878 జులై 3న ఒక్కరోజే 2222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కూటికోసం మతం మారారని ఎగతాళి చేసేవాళ్లు, కరువు సాయం నడిచినన్నాళ్లూ ఆయన బాప్తిస్మాలు ఆపేశాడన్న సంగతి చెప్పరు. మా ముత్తాతలు ఆ కాలవ తవ్వినోళ్లేనని అవ్వ చెప్పేది. తవ్విన చేతులకి దాని పక్కన సెంటు నేల దక్కలేదు.

1892లో చెంగల్పట్టు కలెక్టరు ట్రెమెన్‌హీర్ నివేదిక చూసి, పంచములకి బంజర్లు ఇమ్మని మద్రాసు ప్రభుత్వం ఉత్తర్వు వేసింది. నెల్లూరు కూడా మద్రాసు రాజ్యంలోదే. ఆ మాట మా మాదిగపాలెం చేరడానికి 84 ఏళ్లు పట్టింది. 1976లో మా తాతకి డి-ఫారం పట్టా ఇచ్చారు. ఇచ్చింది రైతులెవరూ వద్దన్న ఇసుకదిబ్బ. అవ్వా తాతా దొరువు తవ్వి, కడవలతో నీళ్లు మోసి వేరుశనగ పండించారు. గట్టెంబడి సరుగుడు నాటారు. 1977లో అసైన్డ్ భూములు అమ్మినా కొన్నా చెల్లదని చట్టమొచ్చింది. తాత మా నాయనతో అనేవాడట: "పట్టా బద్రంరా అబ్బయా. అది పోతే మళ్లా పాలేరుతనమే."

నేను 1990లో పుట్టాను. నాకు ఊహ తెలిసేసరికి చుట్టూ రొయ్యల గుంటలు. 1994-95లో తెల్లమచ్చ రోగమొచ్చి రొయ్య చచ్చింది, ఉప్పు మిగిలింది. మా దొరువు నీళ్లు గొడ్డు కూడా ముట్టలేదు. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు సాగుభూముల్ని రొయ్యల గుంటలు చేయకూడదని తీర్పిచ్చింది. 2005లో పార్లమెంటు కొత్త చట్టం చేసి గుంటలకి రిజిస్ట్రేషన్ దారి చూపింది. 2009 తర్వాత వెనామీ రొయ్య వచ్చింది. గుంటలు మళ్లా నిండాయి.

అదే 2005లో నేను పదో తరగతి పాసయ్యాను. సరుగుడు కొట్టి అమ్మితే ఇంటరు ఫీజు వచ్చింది. 2010లో డిగ్రీ. మా పాలెంలో అదే మొదటి డిగ్రీ. 2012లో నాయన పోయాడు. పట్టా అమ్మ పేరున ఎక్కించమని అర్జీ రాశాను. నా చదువు ఇంటికి పనికొచ్చింది ఆ అర్జీతోనే. "నీ పొలం యాడుందో నువ్వే చూపించుకో" అన్నాడొక ఉద్యోగి. కొలతలు, హద్దులు, సర్వే నంబరు కాగితమ్మీద పెట్టి ఏడు నెలలు తిరిగాను. 2016లో టీచరుద్యోగం వచ్చింది. మొదటి జీతంతో అమ్మ కంచె వేయించమంది. ఇది మాదని మా వంశంలో గుంజ పాతింది ఆరోజే.

2023లో చట్టం సవరించారు. ఇచ్చి 20 ఏళ్లు దాటిన భూమిని అమ్ముకోవచ్చన్నారు. 2024లో ప్రభుత్వం మారాక ఆ రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ పెట్టారు. ఈ లోపలే గుంటలవాళ్లు వచ్చి బేరమాడిపోయారు. "సారూ, జీతముందిగా, ఈ ఉప్పునేల దేనికి?" అంటారు.

అమ్ముకునే హక్కు మాకూ ఉండాల్సిందే. ఆసుపత్రి ఖర్చుకి, ఆడబిడ్డ పెళ్లికి పెద్ద రైతు పొలం అమ్ముకుంటే ఎవరూ అడగరు, మమ్మల్నే ఎందుకు అడగాలి? కానీ గుంట తవ్వాక ఆ నేల మళ్లా పొలం కాదు. పాలెంలో కౌలుకిచ్చినవాళ్లు తమ గట్టు మీదే కాపలా కూలీలయ్యారు. జీతం నాతో ఆగిపోతుంది. చోటు లేనివాడికి మాట కూడా ఉండదని మా ముత్తాతల్ని చూస్తే తెలుస్తుంది. అమ్మా నేనూ అమ్మకూడదనే అనుకున్నాం.

చదువుకునే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీ ఇళ్లల్లో రేకుపెట్టెల్లో ఉన్న పట్టాలు బయటికి తీయండి. ఏ ఏడాది ఇచ్చారు, సర్వే నంబరెంత, ఇప్పుడు దున్నుతున్నదెవరు — ఈ మూడూ రాయండి. మన ఊళ్ల చరిత్ర అక్కణ్ణించి మొదలుపెడదాం.