అప్పులవాళ్ళు ముట్టలేని సొమ్ము

పొదుపు, బీమా, పింఛను అనే మాటలు మనకు ఎంత అలవాటయ్యాయంటే, వీటికీ ఒక చరిత్ర ఉందన్న సంగతే గుర్తుకు రాదు. ఉమ్మడి కుటుంబం నిలిచినన్నాళ్ళూ బాల్యానికీ వార్ధక్యానికీ ఆ ఇల్లే పూచీ. ఆ పూచీలోని లోపం వితంతువు దగ్గర బయటపడేది. 1937 నాటి చట్టానికి ముందు ఉమ్మడి ఆస్తిలో ఆమెకు దక్కేది మనోవర్తి మాత్రమే. ఒంటిమీది నగలే ఆమె సొంత పొదుపు.

ఉద్యోగాలకై పట్నం చేరిన తరానికి వేరే ఆసరా కావలసివచ్చింది. 1882లో తపాలా కచేరీల్లో సేవింగ్సు బ్యాంకులు వెలిశాయి. కానీ పొదుపు పెరగడానికి ఏళ్ళు పడుతుంది, మృత్యువు అంతవరకూ ఆగదు. ఆ నడిమి వయసు కోసమే జీవితబీమా. అయితే భర్త అప్పులు మిగిల్చి పోతే ఆ సొమ్మూ అప్పులవాళ్ళ పాలే కదా?

దీనికి జవాబు 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం, 6వ సెక్షనులో ఉంది. భార్యాబిడ్డల మేలుకోసమని పాలసీలోనే రాయిస్తే, ఆ సొమ్ము వారి కోసం ట్రస్టు అవుతుంది. దానిమీద భర్తకు అధికారం లేదు, అప్పులవాళ్ళకు హక్కు లేదు. అప్పులు ఎగవేసే ఉద్దేశంతో తీసుకున్న పాలసీకి మాత్రం ఈ రక్షణ చెల్లదు. 1923 సవరణతో ఈ వెసులుబాటు హిందూ, ముస్లిం, సిక్కు, జైనుల పాలసీలకు స్పష్టంగా వర్తించింది. నన్ను ఆకట్టుకున్నది అందులోని తేదీల తేడా: ఇతర ప్రాంతాల్లో 1923 ఏప్రిల్ 1 తర్వాతి పాలసీలకైతే, మద్రాసులో 1913 డిసెంబరు 31 తర్వాతివాటికే! మద్రాసు హైకోర్టు ముందే అనుకూలంగా తీర్పు చెప్పడమే అందుకు కారణం. అప్పటి మద్రాసు రాజధానిలో కోస్తా, రాయలసీమ జిల్లాలు భాగమే. తెలంగాణకు ఈ చట్టం 1959లో విస్తరించింది.

ఆ 1923లోనే పట్టాభి సీతారామయ్యగారు బందరులో ఆంధ్రా బ్యాంకును, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సును స్థాపించారు. 1952లో ప్రావిడెంటు ఫండు చట్టం వచ్చింది. 1956లో 245 బీమా సంస్థలు ఎల్‌ఐసీలో కలిశాయి. 2004 జనవరి 1 నుండి కేంద్ర ప్రభుత్వ కొత్త ఉద్యోగులకు, సైన్యం మినహా, పింఛను సొంత చందాపై ఆధారపడింది. 2025 ఏప్రిల్‌లో హామీతో కూడిన మరో పథకం ఐచ్ఛికంగా వచ్చింది. ఇంటినుండి సంస్థకు, సంస్థనుండి వ్యక్తికి: భారం చేతులు మారుతూనే ఉంది.

నామినీ పేరు రాస్తే చాలునని చాలామంది అనుకుంటారు. చాలదు. 1874 చట్టం కింద అని పాలసీ తీసుకునేటప్పుడే దరఖాస్తులో కోరాలి. మిత్రులారా, మీ ఇంటి పాలసీ కాగితాల్లో ఆ మాట ఉన్నదేమో ఒకసారి చూడండి.