సర్ తామస్ మన్రో – కుందూనదీ సీమ

దత్తమండలముల చరిత్రమును వ్రాసినవారిలో మన్రోదొర పేరు తలపనివారు లేరు. కొందఱు అతనిని రైతుబాంధవుడని కొనియాడిరి. కొందఱు పాళెగాండ్రను రూపుమాపిన కఠినుడని నిందించిరి. స్తుతియు నిందయు రెండును సగము సత్యములే. నేటి నంద్యాల మండలమునందలి నంద్యాల, ఆళ్లగడ్డ, కోయిలకుంట్ల సీమలను దృష్టియందుంచుకొని అతని జీవితమును పరిశీలించినచో, ఆ రెండు సగములును ఎచ్చట కలియునో తెలియగలదు.

తామస్ మన్రో 1761 మే 27వ తేదీన స్కాట్లండు దేశమందలి గ్లాస్గో నగరమున జన్మించెను. తండ్రి అలెగ్జాండరు మన్రో అమెరికాలోని వర్జీనియాతో పొగాకు వ్యాపారము చేయు వర్తకుడు. అమెరికా స్వాతంత్ర్యయుద్ధమువలన ఆ వ్యాపారము చెడి, కుటుంబము లేమి పాలయ్యెను. గ్లాస్గో విశ్వవిద్యాలయమున చదివిన తామస్, ఈస్టిండియా కుంపిణీవారి కాల్బలమున కేడెట్టుగా కుదిరి, 1780 జనవరిలో చెన్నపట్టణమున దిగెను. ఇంగ్లీషువారికి ఒక వలసరాజ్యము చేజాఱుటచే చితికిపోయిన యింటి బిడ్డ, వారికి మఱియొక వలసరాజ్యమును కట్టియిచ్చుటకు వచ్చెనన్నమాట.

ఆ సంవత్సరముననే హైదరాలీ కర్ణాటకముపై దండెత్తెను. 1784 వఱకు సాగిన ఆ యుద్ధమునను, 1790 మొదలు 1792 వఱకు టిప్పు సుల్తానుతో జరిగిన యుద్ధమునను మన్రో పాల్గొనెను. గుడారములలో గడపిన ఆ యేండ్లలోనే అతడు పారసీభాష నభ్యసించెను. షైలాకు కథను బోలిన యొక పారసీ కథను అతడు ఆంగ్లీకరింపగా, మలోన్ పండితుడు తన షేక్స్‌పియరు ముద్రణమున దానిని చేర్చెను. ఆ కాలపు సైనికులలో ఇట్టి విద్యాసక్తి సామాన్యము కాదు.

1792లో టిప్పు సుల్తాను విడిచిన బారామహలు సీమను చక్కబెట్టుటకు కెప్టెన్ అలెగ్జాండరు రీడ్ నియుక్తుడు కాగా, మన్రో అతనికి సహాయుడై 1799 వఱకు ఆ పని చేసెను. జమీందారును గాని, ఇజారాదారును గాని నడుమ నుంచక, భూమి దున్నువానితోనే సర్కారు నేరుగా శిస్తు నిర్ణయించుకొను పద్ధతి అచ్చట రూపొందెను. దానికే రయితువారీ యని పేరు. రయితుశబ్దము అరబ్బీ ‘రఅయ్యత్’ నుండి వచ్చినది. కాపరి కాచెడి మందయని దాని మూలార్థము, ప్రజయని తరువాతి యర్థము. కాపరి యెవడను ప్రశ్న ఆ శబ్దములోనే యిమిడియున్నది. రయితువారీ చరిత్రమంతయు ఆ ప్రశ్నకు వెదకిన సమాధానమే.

1799లో శ్రీరంగపట్టణము పడిన తరువాత మన్రో కొంతకాలము కెనరాసీమను పాలించెను. అంతలో 1800 అక్టోబరు 12వ తేదీన నైజాము కుంపిణీతో నొక సంధి చేసికొనెను. మైసూరు యుద్ధములలో తన వంతుగా లభించిన బళ్లారి, కడప మొదలగు సీమలను, తన రాజ్యమున నిలిపిన కుంపిణీసేనల వ్యయమునకై అతడు వదలుకొనెను. ఇవియే దత్తమండలములు. దానమన స్వస్వత్వమును విడిచి పరస్వత్వమును కలిగించుటయని శాస్త్రజ్ఞులు నిర్వచింతురు. ఇచ్చట స్వత్వనివృత్తి జరిగినమాట నిజమేగాని, సేనల భృతికి బదులుగా నిచ్చినది దానమెట్లగును? అది విక్రయము. ఇచ్చినవాడును పుచ్చుకొన్నవాడును ఆ భూమిపై నున్న ప్రజ నడుగలేదు. 1928 నవంబరులో నంద్యాలయందు జరిగిన ఆంధ్రమహాసభల సందర్భమున చిలుకూరి నారాయణరావుగారు ‘దత్తమండలము’ అను పేరు కూడదని ‘రాయలసీమ’ యను పేరును ప్రతిపాదించుట ఈ కారణముచేత సర్వవిధముల సమంజసము.

ఆ సీమకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన మన్రో యధికారము క్రింద సుమారు 27 వేల చదరపు మైళ్ల నేలయు, 20 లక్షల ప్రజయు నుండిరి. అయితే ఒక విషయము గుర్తింపదగినది. నంద్యాలయు, ఆళ్లగడ్డ చేరిన సిరివెళ్ల తాలూకాయు నాడు కుంపిణీ యేలుబడిలోనివి కావు. అవి కందనవోలు నవాబు జాగీరులోనివి. నవాబు కట్టెడి లక్ష రూపాయల పేష్కషు మాత్రమే నైజామునుండి కుంపిణీకి సంక్రమించెను. కోయిలకుంట్ల తాలూకా మాత్రము కడప సీమతోపాటు నేరుగా మన్రో చేతిలోనికి వచ్చెను. కావున కుందూనది పాఱెడి యీ చిన్న ప్రదేశముననే, ఒక ప్రక్క నవాబు పద్ధతులును, మఱియొక ప్రక్క కుంపిణీ కొలతగొలుసును నలువదేండ్లపాటు ఇరుగుపొరుగుగా నడచెను.

మన్రో వచ్చునాటికి దత్తమండలములలో సుమారు 80 మంది పాళెగాండ్రును, వారి యధీనమున 30 వేల సాయుధులైన బంట్లును ఉండిరి. పాళెమన సేనానివేశము. దానిపై ‘కాడు’ ప్రత్యయము చేరి పాళెగాడైనది. శబ్దమే చెప్పుచున్నట్లు వారు మొదట సైనికులు. విజయనగర ప్రభువులకు దండునిచ్చియు, సీమకు కావలి కాచియు భూములననుభవించిరి. సామ్రాజ్యము పడిన పిమ్మట అడుగువాడు లేక కొందఱు చిన్నరాజులై, తమలో తాము పోరాడుచు గ్రామములను పీడించిరి. వారు లోకకంటకులను మన్రో వాదమునకు ఆధారములు లేకపోలేదు. వారందఱును అట్టివారే యనుట మాత్రము పాలకుని సౌకర్యమునకు చెప్పిన మాట.

అతని యుపాయము సులభమైనది. పేష్కషును భారముగా పెంచుట, కావలి రుసుములను తీసివేయుట, బంట్లను చెదరగొట్టుట, చెల్లింపలేనివానిని, ఎదిరించినవానిని పదవినుండి తొలగించి కొందఱికి భరణ మేర్పఱచుట. లొంగనివారిపైకి జనరల్ డుగాల్డ్ కాంబెల్ సేనతో నడచెను. రెండు మూడేండ్లలో పాళెగాండ్ర బలము విఱిగిపోయెను. వారియెడ మన్రో నడపిన పద్ధతిని కుంపిణీ డైరెక్టరులే 1804లో తప్పుపట్టిరి. కాని పోయిన పాళెములు మరల రాలేదు. ఇట్లు పాళెమును గోల్పోయి భరణమునకు దిగినవారిలో కోయిలకుంట్ల సీమయందలి నొస్సము పాళెగాడు జయరామిరెడ్డి యొకడు.

ఆఫ్రికాఖండమున 1904లో జర్మను సేనాని లోథార్ ఫాన్ ట్రోథా హెరెరో జాతివారిపై నిర్మూలనాజ్ఞ జారీచేసి వారిని ఎడారిలోనికి తఱిమెను. అట్టి ఘోరము మన్రో చరిత్రమున లేదు. కాని ఆయుధములు కలవానిని తొలుత నిరాయుధుని జేసి, పిమ్మట నేలను కొలిచి, ఆపైని పన్ను కట్టించుట వలసరాజ్యములన్నింటను సైనికాధికారులు నడచిన క్రమమే. ఆ క్రమమును మన్రో ఓర్పుతోను, లెక్కతోను నడపెను.

1802లో ఆరంభమైన సర్వే 1806 నాటికి ముగిసెను. 33 అడుగుల గొలుసుతో ప్రతి చేనును కొలిచిరి. నేల గుణమునుబట్టి తరములేర్పఱచిరి. పిమ్మట శిస్తు కట్టిరి. మన్రో గ్రామగ్రామమున గుడారము వేసికొని, రెడ్లను కరణములను రైతులను పిలిపించి విచారించెడివాడు. ప్రజలు తమ మొఱను కలెక్టరు మొగమునెదుట చెప్పుకొనగలుగుట ఈ సీమకు క్రొత్త. అతనిపట్ల కలిగిన గౌరవమునకు మూలమిదియే. అయినను పన్ను తేలిక కాలేదు. శిస్తు మొత్తపు ఫలసాయములో నూటికి 45 పాళ్లవఱకు పడెను. ఏడు సంవత్సరములలో సర్కారు రాబడి సుమారు ఒకటిన్నర రెట్లయ్యెను.

ఈ భారము నిలువదని మన్రో యెఱుగును. 1807 ఆగస్టులో, తాను స్వదేశమునకు బయలుదేఱుటకు ముందు, భూములన్నింటిపైని శిస్తును నూటికి 25 వంతులును, చెఱువుల క్రిందను బావుల క్రిందను సాగగు భూములకు మఱి 8 వంతులును తగ్గింపవలెనని వ్రాసెను. అట్లయిన సర్కారు పాలు ఫలములో మూడవ వంతునకు దిగును. చెన్నపట్టణపు దొరతనమువారు దానిని త్రోసిపుచ్చి, గ్రామములను మొదట మూడేండ్లకును, 1811 తరువాత పదేండ్లకును కౌలునకిచ్చిరి. పెంచిన శిస్తు పెంచినట్లే యుండెను, విచారించు కలెక్టరు మాత్రము లేకపోయెను. కౌలుదారులు చెడిరి, రైతులు చితికిరి. మన్రో 1820లో గవర్నరై వచ్చిన తరువాతగాని ఆ తగ్గింపు అమలునకు రాలేదు. తన లెక్క తప్పని తానే వ్రాసిన పదుమూడేండ్లకు అది దిద్దబడెను. ఆ పదుమూడేండ్లును రైతు ఆ తప్పును మోసెను.

ఈ నడుమ అతడు ఇంగ్లండున రయితువారీ పక్షమున వాదించి, 1814లో జేన్ కాంబెల్‌ను పెండ్లాడి, న్యాయస్థానముల సంస్కరణకై మరల వచ్చెను. గ్రామాధికారులకు చిన్న వ్యాజ్యములను తీర్చు అధికారము నొసగిన 1816 నాటి శాసనములు అతని కృషియే. 1817–18 సంవత్సరముల మహారాష్ట్రయుద్ధమున బ్రిగేడియర్ జనరలై, కొలదిపాటి సేనతో బాదామి, బెళగాము, షోలాపురము కోటలను పట్టెను. పాళెగాండ్ర బంట్లను చెదరగొట్టినవాడే ఈ యుద్ధమున దేశీయులైన బంట్లను కూర్చుకొని పోరాడుట విచిత్రము.

గవర్నరుగా అతడు చేసిన పనులలో ఉపాధ్యాయులు ఎఱుగవలసినది విద్యావిచారణము. 1822లో అతడాజ్ఞాపింపగా కలెక్టరులు తమ తమ మండలములలోని బడులను లెక్కించిరి. 1826 మార్చి 10వ తేదీ నాటి లేఖ ననుసరించి చెన్నరాజధానిలో 12,498 పాఠశాలలును, వానిలో 1,88,650 మంది విద్యార్థులును ఉండిరి. బళ్లారి కలెక్టరు ఎ. డి. కాంబెల్ 1823లో 533 బడులను, 6,641 మంది పిల్లలను లెక్కించి పంపెను. 1816లో ఆంగ్లభాషలో తెలుగు వ్యాకరణమును ప్రకటించిన కాంబెల్ ఇతడే. ప్రజలు పేదలైనకొలది బడులు మూతపడుచున్నవని అతడు దాచక వ్రాసెను. శిస్తునకును చదువునకును గల సంబంధము ఆనాడే యొక కలెక్టరు చేతివ్రాతకెక్కుట గమనింపదగినది. ప్రతి తాలూకాలోను బడి పెట్టవలెనని మన్రో సంకల్పించెను గాని, మఱుసటి యేడే మరణించెను. దేశీయులను గొప్ప పదవులకు దూరముగా నుంచుట జాతిని దిగజార్చుటయేయనియు, ప్రజలు తమ్ముతాము పాలించుకొనగలనాడు ఇంగ్లీషువారు తొలగుట మేలనియు 1824 డిసెంబరు 31వ తేదీ నాటి లేఖలో అతడు వ్రాసియుండెను.

1827లో పదవి విడిచి పోవుటకు ముందు దత్తమండలములను తుదిసారి చూడవచ్చి, జూలై 6వ తేదీన పత్తికొండలో విషూచిచే మృతుడయ్యెను. గుత్తిలో పాతిపెట్టిన అతని కళేబరమును 1831లో చెన్నపట్టణపు సెయింట్ మేరీ దేవాలయమునకు తరలించిరి. మంత్రాలయమున రాఘవేంద్రస్వామి అతనితో మాటాడెననియు, గండిక్షేత్రమున బంగారు తోరణము అతనికి గనబడెననియు ప్రజలు కథలు చెప్పుకొనిరి. కొందఱు తమ బిడ్డలకు అతని పేరు పెట్టుకొనిరి. ఈ కథలను చరిత్రమని గైకొనరాదు. కాని ప్రజ ఒక పాలకునియందు దేనిని గోరెనో తెలుపు సాక్ష్యములుగా వానిని విడువరాదు.

కందనవోలు కుంపిణీ వశమైనదియు, చెన్నపట్టణమున చాంట్రీ చెక్కిన మన్రో అశ్వవిగ్రహము నిలిచినదియు 1839లోనే. నవాబు గులాం రసూల్ ఖాన్ ఆయుధములు కూర్చుచున్నాడన్న కారణమున సేనలు వచ్చి, జోరాపురమున పోరు జరిగి, నవాబు బందీయయ్యెను. నంద్యాల, సిరివెళ్ల సీమలు అప్పుడు ఇంగ్లీషు కమీషనరు పాలనలోనికి వచ్చెను. 1858లో కోయిలకుంట్లతో జేరి కర్నూలు జిల్లా యేర్పడెను.

మన్రో వేసిన లెక్కలో శేషము 1846లో తేలెను. నొస్సము జయరామిరెడ్డికి దౌహిత్రుడైన ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి తండ్రివలన వచ్చిన భరణము నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. తాత గతించిన తరువాత ఆయన భరణమును సర్కారువారు నిలిపివేసిరి. ఆ దినములలోనే కావలి కాచి భూములననుభవించుచున్న కట్టుబడుల మాన్యములను సర్కారు స్వాధీనము చేసికొనసాగెను. బ్రతుకుతెరువు పోయిన కట్టుబడులు రెడ్డిని చేరిరి. 1846 జూలైలో కోయిలకుంట్ల ఖజానా ముట్టడింపబడెను. లెఫ్టినెంట్ వాట్సన్, కెప్టెన్ నాట్ సేనలతో వెంటాడగా, రెడ్డి నల్లమల అడవుల నాశ్రయించి పోరాడెను. అక్టోబరు 6వ తేదీన పట్టుబడి, 1847 ఫిబ్రవరి 22వ తేదీన కోయిలకుంట్లలో ఉరితీయబడెను. అతని శిరస్సు 1877 వఱకు కోటపై వ్రేలాడుచుండెనని ప్రసిద్ధి.

మన్రో మరణమునకును ఈ ఉరికిని నడుమ ఇరువదేండ్లు కూడ నిండలేదు. కనుక, అతడు బ్రదికియున్న ఇట్లు జరుగకపోవునని కొందఱు తలంతురు. అది పూర్తిగా నిలువదు. పాళెగాని భూమికి బదులు భరణము, కట్టుబడి హక్కునకు బదులు సర్కారు దయ – ఈ మాఱుబాటు మన్రో చేసినదే. హక్కు వంశముతో వచ్చును. దయ దయామయునితో పోవును. మన్రో పాలనలోని మేలంతయు రైతు మొఱ వినుట, శిస్తు తగ్గించుట, స్వయముగా విచారించుట మొదలైన అతని వ్యక్తిగుణములను ఆశ్రయించినది. అతడు కట్టిన యంత్రము మాత్రము అతని గుణములు లేని కాక్రేన్ కలెక్టరు చేతిలోను అంతే చక్కగా నడచెను. మంచివాడు నిర్మించిన పద్ధతి మంచిదగునా యనునది అతని మంచితనముచేత గాక, అది మఱియొకని చేతబడినప్పుడు బలహీనునకు మిగిల్చిన హక్కుచేత తేలవలెను.

పత్తికొండలో మన్రో పేరును, ఉయ్యాలవాడలో నరసింహారెడ్డి పేరును నేటికిని ప్రజలు స్మరించుచున్నారు. ఈ రెండు స్మృతులలో నొకటి నిజము, రెండవది భ్రమయని చెప్పుట చరిత్రకారుని పని కాదు. మొదటిది వినువాడు దొరికెనన్న కృతజ్ఞత. రెండవది వినువాడు లేడన్న ఆక్రోశము. రెండును ఒకే ప్రజ నోట వెలువడినవి. బడులలో ఈ సీమ చరిత్రమును చెప్పు ఉపాధ్యాయులు ఒకదానిని విడిచి రెండవదానిని చెప్పుట యుక్తము కాదు.