పొనికికి పెరడు దొరకలేదు

జపాన్ మేపుల్ నాటాలనుకునేవాళ్లు ముందు పెరడంతా ఓసారి తిరిగి చూసుకుంటారు. పొద్దుటి ఎండ ఎక్కడ పడుతుంది, మధ్యాహ్నం నీడ ఎటు వాలుతుంది, వేడిగాలి ఏ వైపు నుంచి కొడుతుంది, వాన వెలిశాక నీళ్లు ఇంకుతాయా, నిలుస్తాయా? ఇవన్నీ తేలాకే గొయ్యి తవ్వుతారు. పెద్ద చెట్ల చాటున పెరిగిన జాతి అది. మధ్యాహ్నపు ఎండకు ఆకు అంచులు మాడతాయి, నీళ్లు నిలిస్తే వేరు కుళ్లుతుంది. జపాన్ తోటమాలులు 18వ శతాబ్దం మొదట్లోనే దాని రకాలకు ముద్దుపేర్లు పెట్టి జాబితాలు రాసుకున్నారు. రామగుండంలో ఎండ 45 డిగ్రీలు దాటడం మామూలే కాబట్టి కరీంనగర్, ఆదిలాబాద్ పెరళ్లకు మేపుల్ బెంగ లేదు. బెంగపడాల్సిన చెట్టు మనకు వేరే ఉండేది. దాన్ని ఎక్కడ నాటాలన్న ప్రశ్నే తరాల తరబడి ఎవరికీ తట్టలేదు.

దాని పేరు పొనికి. ఎండు అడవుల చెట్టు. రాళ్ల గుట్టల వాలు, పలచటి మన్ను, చుక్క నీరు నిలవని నేల దానికి చాలు. నున్నటి బూడిదరంగు బెరడు, వెడల్పాటి ఆకు, ఆకు అడుగున తెల్లటి నూగు. పక్కనే ఆదిలాబాద్ టేకు ఠీవిగా నిలబడి ఉంటే పొనికిని కలప కింద జమకట్టేవాళ్లెవరు? దూలానికి ఆనదు, దర్వాజకు పనికిరాదు. కానీ ఆ చెక్క అతి తేలిక. ఉలి ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. బొమ్మ చేసేవాడికి అంతకంటే ఏం కావాలి?

ఆ సంగతి నిర్మల్‌కు తెలిసింది. ఊరికి పేరిచ్చిన నిమ్మనాయుడు 17వ శతాబ్దంలో బొమ్మలు చెక్కే నకాషీ కుటుంబాలను ఆదరించి, ఇక్కడ నిలబెట్టాడని స్థానికుల మాట. నిజాం ఊరికొచ్చినప్పుడు బంగారు పూరేకులు కురిపించి ఆయన్ను మెప్పించారన్న కథా ఉంది. కథల మాటెలా ఉన్నా పని మాత్రం పక్కా. పొనికి కర్రను బాగా ఆరబెట్టేవాళ్లు. ముక్కలుగా చెక్కి అతికేవాళ్లు. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన లప్పంతో సందులు పూడ్చి, సుద్ద పూసి, నునుపు తేల్చి రంగులేసేవాళ్లు. అలా తయారైన సీతాఫలాన్ని పళ్లెంలో పెడితే, వచ్చిన చుట్టం చెయ్యి చాచాల్సిందే. చేతిలోకి తీసుకున్నాకే అది చెక్కపండని తెలిసేది.

పతనం ఈ మెప్పులోంచే మొదలైందని నాకనిపిస్తుంది. 1955లో కళాకారులకు సహకార సంఘం ఏర్పడింది. హైదరాబాద్ దుకాణాల్లోకి, ఆపై దేశమంతటికీ నిర్మల్ పేరు పాకింది. గిరాకీ పెరిగినకొద్దీ అడవిలోంచి కర్ర దిగుతూనే ఉంది. బొమ్మకు పేరు వచ్చింది, గుర్తింపు వచ్చింది, అంగడి వచ్చింది. చెట్టుకు మాత్రం ఒక మడి గానీ, నారు పోసే చేయి గానీ రాలేదు. అడవిలో ఉన్నదానికి నాట్లెందుకనుకున్నారు. సర్కారు దృష్టేమో టేకు మీద. కొట్టేవాళ్లకు కావలసింది కాండం, లెక్క రాసేవాళ్లకు కావలసింది టేకు. గుట్ట మీద పొనికి ఉందో పోయిందో ఎవరు ఎంచి చూస్తారు? దగ్గరి గుట్టలు బోడివయ్యాక దూరపు అడవి బాట పట్టారు. ఆ అడవిలోనూ కట్టుబాట్లు బిగిశాయి. అందులోని కవ్వాల్ 1965లో అభయారణ్యమైంది, 2012లో పులుల అభయారణ్యమైంది. పులిని తప్పుపట్టే పనిలేదు. దాని చోటు దానికి దక్కింది, అంతే.

పోనీ, కొట్టినచోట మళ్లీ మొలుస్తుందిలే అనుకోవడానికి పొనికి వేపలాంటిది కాదు. మగ చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు. గుట్టకు ఒకటి చొప్పున మిగిలితే కాయెక్కడిది? ఆడ చెట్టు చుట్టూ పది గుట్టల్లో మగ చెట్టు లేకపోతే అది పూసీ గొడ్రాలే. కాయ కాసినా గింజ పెంకు రాయిలా గట్టి, తొందరగా మొలకెత్తదు. మొలకెత్తిన మొక్క పశువుల నోటినీ వేసవి మంటలనూ దాటుకుని చెక్కడానికి పనికొచ్చేంత లావెక్కేసరికి బొమ్మ చేసేవాడి జుట్టు నెరుస్తుంది. కృష్ణా తీరాన కొండపల్లి బొమ్మలకూ ఇదే చెట్టు ఆధారం. అక్కడి వాళ్లదీ కర్ర కరువే.

ఇంత పోగొట్టుకున్నాక నాటాలన్న ఆలోచన వచ్చింది. అటవీశాఖ పొనికి మొక్కలు పెంచి నాటించింది. మంచి పనే, కాకపోతే మేపుల్ నాటేవాడు అడిగే ప్రశ్నలన్నీ ఇక్కడా అడగాలి. వాలు నేలా, నీళ్లు జారిపోతాయా, మంట రాకుండా పక్కన గడ్డి తీసే మనిషున్నాడా, మగదీ ఆడదీ చేరువలో పడుతున్నాయా? లేత మొక్కను చూసి మగో ఆడో చెప్పలేం, కాబట్టి గుంపుగా నాటుకోవాల్సిందే. నల్లరేగడి చేను గట్టునో, రోడ్డు పక్కన వరసగానో నాటి లెక్క పూర్తయిందనుకుంటే అది లెక్క వరకే పూర్తవుతుంది. అసలు చిక్కు ఇంకొకటి. పొనికికి నచ్చిన గుట్ట నకాషీ కుటుంబాలది కాదు. తాత నాటితే మనవడు కొట్టుకునే హక్కు వాళ్లకు ఏ కాగితంలోనూ లేదు. కోత హక్కు లేనివాడిని నాటమంటే ఏ ఆశతో నాటుతాడు?

2016లో నిర్మల్ సొంత జిల్లా అయింది. నిర్మల్ చిత్రాలకు ఇప్పటికీ గిరాకీ ఉంది, పలక ఏ చెక్కదైనా నల్లటి నేల మీద బంగారు రంగు మెరుస్తుంది. బొమ్మలకు ఆ వెసులుబాటు లేదు. బరువు చెక్కతో చెక్కిన సీతాఫలం ఎంత పచ్చగా ఉన్నా, ఎత్తగానే చుట్టానికి తెలిసిపోతుంది.