224 మగ్గాలు చెప్పిన పాఠం

మీరు కొన్న గుడ్డలో నేత లోపం కనిపించిందనుకోండి. తప్పు ఎవరిది? యంత్రానిదా, మనిషిదా? మూడో సమాధానం కూడా ఉందని 1953లో అహ్మదాబాద్‌లో జరిగిన ఒక ప్రయోగం చూపించింది. ఈ పాఠంలో దాన్ని పరిశీలిద్దాం.

అహ్మదాబాద్ బట్టల మిల్లుల నగరంగా పేరు పొందింది. 1918లో గాంధీజీ నాయకత్వంలో అక్కడి కార్మికులు కూలి పెంపు కోసం సమ్మె చేశారు. మిల్లు యజమానుల్లో ముఖ్యుడు అంబాలాల్ సారాభాయ్. కార్మికుల పక్షాన నిలిచినది ఆయన సొంత అక్క అనసూయా సారాభాయ్. పనిచేసేవారి మనసును పట్టించుకోక తప్పదన్న ఆలోచన ఆ నగరానికి కొత్తది కాదన్నమాట.

1952లో సారాభాయ్ కుటుంబానికి చెందిన కాలికో మిల్లులో ఆటోమేటిక్ మగ్గాలు వచ్చాయి. కండెలో నూలు అయిపోతే ఈ మగ్గం తానే కొత్త కండె తీసుకుంటుంది. పోగు తెగితే తానే ఆగుతుంది. అయినా ఆశించిన ఫలితం రాలేదు. లండన్‌లోని టావిస్టాక్ సంస్థకు చెందిన ఎ.కె. రైస్ కారణం వెతికారు.

ఒక షెడ్డులో 224 మగ్గాలున్నాయి. పని 12 రకాలుగా విడిపోయింది. నేతగాడికి 24 లేదా 32 మగ్గాలు, జాబర్‌కు 112. ఒకరి హద్దు మరొకరి హద్దుతో కలవదు. కండెలు నింపేవారు ఆలస్యం చేస్తే నేతగాడి మగ్గం ఆగిపోతుంది. కానీ వారిద్దరూ ఒక జట్టు కారు. గుడ్డ చెడితే "ఇది మాది" అనేవారే లేరు.

కొన్ని మగ్గాల పూర్తి బాధ్యతను ఒక చిన్న బృందానికి అప్పగించాలని రైస్ సూచించారు. కార్మికులు ఆ ఆలోచనను అందిపుచ్చుకుని, తమ జట్లను తామే ఎంచుకున్నారు. మొదట్లో ఒడిదుడుకులు ఎదురైనా, క్రమంగా ఉత్పత్తి పెరిగింది, చెడిపోయిన గుడ్డ తగ్గింది. మగ్గాలు అవే, మనుషులూ వారే. మారింది పని అమరిక ఒక్కటే.

ఇక్కడ శాస్త్రీయమైన సందేహం ఒకటి రావాలి. ఎవరో తమను గమనిస్తున్నారన్న ఉత్సాహం వల్లనే ఫలితం మెరుగుపడిందేమో? అలాగైతే పరిశీలకులు వెళ్లిపోగానే అది ఆవిరైపోవాలి. 1970లో ఎరిక్ మిల్లర్ అనే పరిశోధకుడు మళ్లీ అక్కడికి వెళ్లి చూశారు. ఒక షెడ్డులో బృంద పద్ధతి ఇంకా నిలిచే ఉంది. మిగతా చోట్ల, బయటి ఒత్తిళ్ల మధ్య, అది చాలావరకు సడలిపోయింది.

ఈ రెండు ఫలితాలనూ కలిపి చదవాలి. బాధ్యత అప్పగిస్తే మనిషి పనిని తనదిగా చేసుకుంటాడు. ఆ మేలు చివరకు గుడ్డ కొన్నవారికే అందుతుంది. కానీ ఆ అమరిక ఒకసారి బిగించి వదిలేసే మర కాదు. మగ్గానికి నూనె వేసినట్లే దాన్నీ కనిపెట్టుకుని ఉండాలి.

మీ ఊరి బస్ డిపోనో, ఆసుపత్రినో గమనించండి. అక్కడ ఏ పని ఎవరి హద్దుల మధ్య జారిపోతోంది? ఆలోచించి రాయండి.